మూతెడు చాలు

అనుమతుల ఆఫీసులో మూడో కిటికీ. గాజుకి అవతల కళ్ళజోడు మేడం. ఇవతల బరువైన చేతిసంచితో ఒక చిన్నామె. ఆమె వెనక, వరసలో, కొవ్వొత్తులు చేసి అమ్ముకునే ఆయన.

"లేదమ్మా. ఈ పేరుతో కుదరదు."

"ఎందుకు కుదరదు మేడం? మొదటి కిటికీలో ఆయన ఈ పేరు బాగుందన్నాడు. పేరు బాగుంది, పరీక్ష కాయితం లేదు, తెచ్చుకో అన్నాడు. పరీక్ష చేసే చోటికి పోతే, లేబుల్ లేని సీసా మేం ముట్టుకోం అన్నారు. ప్రింటరు దగ్గరికి పోతే, అనుమతి నంబరు లేకుండా లేబుల్ కొడితే రేపు నన్ను పట్టుకుంటారు తల్లీ అన్నాడు. ఆ నంబరు ఇచ్చేది మీరు. మీరు పరీక్ష కాయితం అడుగుతారు. పరీక్షవాళ్ళు లేబుల్ అడుగుతారు. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నాను. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో అదొక్కటి చెప్పండి, అక్కణ్ణించే మొదలుపెడతాను."

"పేరు నుంచి మొదలుపెట్టు."

"మళ్ళీ అదే."

"అదే. సీసా ఇలా తిప్పు. ఏం రాసుంది, గట్టిగా చదువు."

"అమ్మ చేతి మందు."

"దాని కింద?"

"మూతెడు చాలు."

"ఇది చదివినవాళ్ళు ఏమనుకోవాలి?"

"బకెట్టు నీళ్ళలో మూతెడు పోస్తే చాలు, బండలు అద్దంలా మెరుస్తాయి అనుకోవాలి."

"బండలని ఎక్కడుంది?"

"ఉంది మేడం. ఇదిగో, ఇక్కడ. నిమ్మకాయ కింద. బండలు తుడుచుటకు."

"చీమ తలకాయంత ఉంది."

"నిమ్మకాయ పెద్దదైపోయింది. చోటు మిగల్లేదు. ప్రింటరు కొట్టనన్నాడు కదా, సందు చివర జిరాక్స్ షాపులో, అంటించుకునే కాయితం మీద కొట్టించుకొచ్చాను. ఆ పిల్లోడికి నిమ్మకాయ మీద ఉన్న ప్రేమ అక్షరాల మీద లేదు."

"నిమ్మకాయ కూడా తీసెయ్యాలి."

"నిమ్మకాయేం చేసింది?"

"తినే వస్తువు బొమ్మ ఉండకూడదు. పండు ఉండకూడదు, పువ్వు ఉండకూడదు, నవ్వే పిల్లల బొమ్మ ఉండకూడదు."

"మరేం ఉండాలి? ఏడ్చే పిల్లల బొమ్మా?"

"ప్రమాదం గుర్తు ఉండాలి."

"పుర్రె బొమ్మా మేడం? నా సీసా మీద పుర్రె వేస్తే ఎవరు కొంటారండీ? అసలు ఆ పుర్రె చూసి మా అత్తయ్యే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"పుర్రె కాదు. చేతి మీద చుక్కలు పడుతున్నట్టు ఉంటుంది, అది. నీ దాంట్లో ఏమేం కలిపావో చెప్పు, ఏ గుర్తు పెట్టాలో చెబుతాను."

"సబ్బునీళ్ళు. సోడా. నిమ్మ వాసనొచ్చే నూనె. రంగు. ఆ తర్వాత కొంచెం పొడి."

"ఏం పొడి?"

"తెల్లది. కెమికల్ కొట్టాయన ఇస్తాడు."

"పేరు?"

"తెల్లపొడి అంటాం."

"అమ్మా."

"నిజంగా మేడం. అన్నా తెల్లపొడి ఇవ్వు అంటే ఇస్తాడు. దాని అసలు పేరు అడిగితే, నువ్వు రాసుకోలేవులే అన్నాడు. ఏడో తరగతిలో బడి మానిపించారు నన్ను, నిజమే. కానీ పేరు రాసుకోలేనంత కాదు. ఆ మాటకి ఒళ్ళు మండి మళ్ళీ అడగలేదు."

"ఆ పొడి చేతికి తగిలితే ఏమవుతుంది?"

"మండుతుంది. కొంచెమే. నీళ్ళలో వేసినప్పుడు పొగొస్తుంది, నేను మొహం పక్కకి పెట్టుకుంటాను."

"చేతికే మండేది నాలిక మీద ఏం చేస్తుంది?"

"నాలిక మీదికి ఎందుకు పోతుంది? బండలు తుడిచేది ఎవరు తాగుతారు మేడం?"

"తాగితే ఏం చెయ్యాలో కూడా రాయాలి. అదీ లేదు ఇక్కడ."

"తాగితే ఏం చెయ్యాలో నాకే తెలీదు."

"అందుకే రాయమనేది. వాంతి చేయించకూడదు. నోరు కడిగించాలి. సీసా చేత పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. సీసా చూస్తేనే ఏం తాగారో డాక్టరుకి తెలుస్తుంది. దాని మీద తెల్లపొడి అని రాసుంటే ఆయనేం చేస్తాడు, చెప్పు?"

"చెల్లెమ్మా, నేనో మాట చెప్పనా, వెనకనించి?"

"చెప్పండి అన్నయ్యా. అందరూ చెబుతున్నారు, మీరూ చెప్పండి."

"వరసలో నిలబడి మీ సీసా మీది పేరు చదివాను. మందు అని పెద్దక్షరాలు చూసి, పరవాలేదే, ఇక్కడ ఆ మందుకి కూడా అనుమతులిస్తున్నారా, సాయంత్రం దాకా కూర్చోవచ్చు అనుకున్నాను."

"ఏవండీ కొవ్వొత్తులాయనా, మీ వంతు వచ్చినప్పుడు మాట్లాడండి. చూశావామ్మా? ఆయన తాగే మందనుకున్నాడు. నేను జబ్బుకి వేసుకునే మందనుకున్నాను. బండలని ఒక్కరం అనుకోలేదు."

"మీరు నన్ననండి మేడం, పడతాను. కానీ ఎలకలమందుని మందు అనట్లేదా? చీమలమందు, దోమలమందు, బొద్దింకలమందు. అన్నీ మందులే. ఎవరైనా చెంచాతో తాగుతున్నారా?"

"వాటికి ముందర ఎలక ఉంది, చీమ ఉంది. నీ దానికి ముందర ఎవరున్నారు? అమ్మ ఉంది. అమ్మ చేతిది ఏదైనా మనిషి నోట్లో పెట్టుకుంటాడు."

"అది కాదండీ..."

"నేల తుడిచే ద్రవం అని రాయి. పెద్దక్షరాలతో."

"ద్రవమా? ఎవరైనా అలా పిలుస్తారా మేడం? ఏమ్మా ద్రవం తెచ్చావా, ద్రవం అయిపోయింది అని అడుగుతారా? మందు తెచ్చావా అంటారు. మా వీధి మొత్తం అదే మాట. నన్నే మందమ్మ అంటారు. పెళ్ళై వచ్చినప్పుడు ఫలానా వాళ్ళ కోడలు అనేవాళ్ళు, పిల్ల పుట్టాక ఫలానా పిల్ల తల్లి అనేవాళ్ళు. నా పనిని బట్టి నాకొచ్చిన పేరు ఇదొక్కటే. అది కూడా మీరు కొట్టేస్తానంటే నేనెక్కడ చెప్పుకోవాలి?"

"నీ పేరు నేను కొట్టెయ్యట్లేదు. సీసా పేరు."

"రెండూ ఒకటే నాకు... ఒక్క నిమిషం మేడం. ఇంటి నుంచి ఫోను. చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, స్పీకరు ఒక్కటే పనిచేస్తుంది, ఏమీ అనుకోకండి. ఏంటే పిచికా?"

"అమ్మా, నాయనమ్మ దగ్గుతోంది."

"పొద్దున్నుంచీ దగ్గుతూనే ఉందిగా."

"ఇప్పుడు ఆగకుండా దగ్గుతోంది. కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయి. మందు ఇమ్మంటోంది."

"గూట్లో ఉంది చూడు, గోధుమరంగు సీసా. మూతతో కొలిచి ఇవ్వు. మూతెడు చాలు, ఎక్కువ పొయ్యకు. ఇచ్చేముందు ఏం చెయ్యాలి?"

"చదవాలి."

"ఏం చదవాలి?"

"సీసా మీద ఏముందో చదవాలి. చదివాకే పొయ్యాలి."

"అదీ. గుమ్మం దాటి బయటికి పోకు. నేను వచ్చేస్తున్నాను. పెట్టెయ్."

"ఎంత పిల్ల చెల్లెమ్మా?"

"రెండో తరగతి అన్నయ్యా. ఇవాళ బడి లేదు. పొయ్యేచోటల్లా అక్షరం కనపడితే నిలబడి చదివేస్తుంది, దాన్ని తీసుకుని వీధిలో నడవలేం. ఉప్పు డబ్బా అయినా చదివే మూత తీస్తుంది. నాకెలాగూ అబ్బలేదు, దానికైనా ఆ అలవాటు ఉండాలని నేనే చేశాను. గుడ్డిగా ఏదీ పొయ్యకూడదు, ఎవరో చెప్పారని పొయ్యకూడదు, అక్షరం చూసి పొయ్యాలి అని."

"పెద్దావిడకి చూపు తక్కువా?"

"చూపు సరే సరి. ఇప్పుడు జలుబొకటి. ముక్కు దిబ్బడేసి, పక్కనే పాలు మాడుతున్నా తెలియలేదు మొన్న. ఏం పెట్టినా రుచి లేదంటుంది. నా వంటకి పేర్లు పెట్టడానికి అదో వంక అనుకోండి. మా ఆయన లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. వాళ్ళిద్దర్నీ వదిలి వచ్చి ఇక్కడ నిలబడ్డాను. మనసంతా అక్కడే ఉంది."

"అయితే త్వరగా తేల్చుకుని వెళ్ళమ్మా. తర్వాతిది చూడు. సీసా."

"సీసాకేమైంది?"

"ఇది దగ్గుమందు సీసా."

"అవును మేడం. ఖాళీవే, కొత్తవే. మందుల సీసాలు అమ్మే కొట్లో కొన్నాను."

"ఎందుకు కొన్నావు?"

"ఎందుకంటే మీ రెండో కిటికీ మేడం చెప్పారు కాబట్టి. మొదట నేను తాగే నీళ్ళ సీసాల్లో పోసి తెచ్చాను. ఆవిడ చూసి, వీటిలో వద్దు, దాహమేసినవాడు నీళ్ళనుకుని ఎత్తి పట్టుకుంటాడు, వేరే సీసా తెచ్చుకో అన్నారు. సరే, న్యాయమే కదా అనుకున్నాను. ఇంటికి పోయి ఆలోచిస్తుంటే గూట్లో మా అత్తయ్య దగ్గుమందు కనపడింది. ఎంత ముచ్చటైన సీసా. మూత గట్టిది, ఒలకదు. మూత లోపల గీతలుంటాయి, కొలతకి వేరే చెంచా అక్కర్లేదు. ఎండ తగలకుండా రంగు. అప్పుడే మూతెడు చాలు అన్న మాట కూడా తట్టింది. మీరు మెచ్చుకుంటారనుకున్నాను."

"దాహమేసినవాడు తాగకూడదని ఆవిడ నీళ్ళసీసా మాన్పిస్తే, జబ్బు చేసినవాడు తాగేలా నువ్వు మందుసీసా తెచ్చావా?"

"కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారు, అలా ఉంది మేడం నా పని. ఏది తెచ్చినా తప్పే. మీరే ఓ సీసా చూపించండి, ఇదిగో దీనిలో పొయ్యి అని. అదీ చూపించరు. తెచ్చాక మాత్రం ఇది కాదంటారు."

"పిల్లలు తియ్యలేని మూత ఉండాలి. నొక్కి తిప్పితేనే వచ్చేది."

"ఆ మూత మా అత్తయ్య కూడా తియ్యలేదు. ఆవిడ సీసాలన్నీ తీసిపెట్టేది మా పిల్లే."

"చూడమ్మా, నవ్వులాటకి చెప్పట్లేదు నేను."

"నేనూ నవ్వట్లేదు మేడం. ఏడవలేక అంటున్నాను."

"పిల్లలకు అందకుండా ఉంచవలెను అన్న మాట కూడా పెట్టలేదు నువ్వు."

"పెట్టాను. ఆ ఒక్కటీ మాత్రం పెట్టాను, ఒట్టు. పక్కన చూడండి, నిలువుగా ఉంటుంది."

"ఏదీ... పిల్లలకు... ఇదేంటి? పిల్లలకు అందంగా ఉంచవలెను."

"ఏంటీ?"

"నువ్వే చూసుకో. అందంగా."

"అయ్యో, వాడి చేతులు పడిపోను. ఫోన్లో చెప్పాను, అందకుండా, అందకుండా అని గొంతు చించుకుని చెప్పాను. వాడి షాపు ముందు ఎప్పుడూ మిషన్ల రొద. అందంగా అని విన్నాడేమో సన్నాసి."

"అంటించేముందు నువ్వు చదవలేదా?"

"పేరు చదివాను. నిమ్మకాయ చూశాను. ఇంత సన్నక్షరాలు ఎవరు చదువుతారు మేడం? నేను పుట్టినప్పటినుంచీ ఎన్ని సబ్బులు కొన్నానో, ఒక్కదాని మీద ఒక్క ముక్క చదివిన పాపాన పోలేదు. మీరు చదివారా ఎప్పుడైనా, నిజం చెప్పండి?"

"నాకు అదే ఉద్యోగం."

"ఉద్యోగం కాబట్టి చదువుతారు. ఇంకెవరూ చదవరు. జనం పేరు చూస్తారు, రంగు చూస్తారు, పక్కింటావిడ బాగుందంటే కొంటారు. ఎవరూ చదవని దానికోసం నన్ను ఇన్నిసార్లు తిప్పడం ఏం న్యాయం?"

"ఇందాక మీ అమ్మాయి ఉప్పు డబ్బా కూడా చదువుతుందన్నావు."

"అది చిన్నపిల్ల. దానికి అదో ఆట."

"సరే. నీతో వాదించి గెలిచే ఓపిక నాకు లేదు, చూడు, నీ వెనక గోడ దాకా ఉన్నారు జనం. నీకు ఇవాళే ఎందుకంత తొందర?"

"పెద్ద దుకాణం ఆయన ఒక అర ఖాళీ ఉంచాడు నాకోసం. ఎదురుగా, కంటికి ఆనే అర. సాయంత్రం లోపు అనుమతి కాయితం చూపిస్తే నా సీసాలు పెడతానన్నాడు, లేకపోతే రేపు పొద్దున వేరే కంపెనీవాళ్ళకి ఇచ్చేస్తాడు. ఇప్పటిదాకా ఇల్లిల్లూ తిరిగి అమ్ముకున్నాను. ఇప్పుడు పెద్ద పెద్ద భవనాల కాపలావాళ్ళు అనుమతి ఉందా అని గేటు దగ్గరే ఆపేస్తున్నారు. ఆ అర దక్కితే పిల్లని వదిలి తిరగక్కర్లేదు. ఇంట్లోనే కలుపుకుని, ఇంట్లోనే ఉండి, దాని కళ్ళముందు ఉండొచ్చు. ఆ ఒక్క ఆశతో వచ్చాను. మళ్ళీ ఫోనూ... ఏంటే?"

"అమ్మా, గూట్లో సీసా లేదు."

"ఉంటుంది. నేనే పెట్టాను."

"లేదమ్మా. గూట్లో దువ్వెన ఉంది, నాన్న బ్యాటరీ లైటు ఉంది, అంతే."

"కళ్ళు పెట్టి చూడు. గూట్లో లేకపోతే కింద చూడు, బల్ల దగ్గర చూడు. సీసాకి కాళ్ళొచ్చి నడిచిపోతుందా? ప్రతిదానికీ నాకు ఫోన్ చేస్తే ఎలా, నేనిక్కడ ఇరుక్కుపోయి ఉంటే?"

"నాయనమ్మ తిడుతోంది."

"తిట్టనీ. ఇవాళ అందరూ తిట్టే రోజే. వెతుకు, దొరుకుతుంది. పెట్టెయ్. చూశారా మేడం, ఇదీ నా బతుకు. అక్కడ పిల్ల, ఇక్కడ మీరు."

"పిల్ల మీద అరవకమ్మా. ఇదిగో, విను. నేనొక పని చేస్తాను. నిబంధనల్లో చిన్న వెసులుబాటు ఉంది. ఇంట్లో చేసుకునేవాళ్ళకి తాత్కాలిక అనుమతి ఇవ్వొచ్చు. పరీక్షకి సీసాలు నేనే పంపిస్తాను. ఇవాళ నంబరు ఇస్తాను, సాయంత్రం లోపు నీ దుకాణం ఆయనకి చూపించుకో. సీసా మార్చడానికి, మూత మార్చడానికి గడువు రాస్తాను."

"మేడం..."

"ఆగు. ఒక్కటి మాత్రం ఇప్పుడే, నా కళ్ళముందే చెయ్యాలి. ఈ పేరు కొట్టెయ్యి. ఇదిగో పెన్ను. మందు అన్న మాట కొట్టేసి ద్రవం అని రాయి."

"అమ్మ చేతి ద్రవం."

"అవును."

"వినడానికే అదోలా ఉంది."

"చెల్లెమ్మా, రాసెయ్యండి. మా కొవ్వొత్తుల మీద మైనపు దీపసాధనం అని రాయించారు వీళ్ళు. మొదట్లో నాకూ అదోలానే ఉండేది. జనం ఇప్పటికీ కొవ్వొత్తి ఇవ్వమనే అడుగుతున్నారు, సాధనం ఇవ్వమని ఒక్కరూ అడగలేదు."

"మీకేం అన్నయ్యా, మిమ్మల్ని కొవ్వొత్తయ్య అని పిలవలేదుగా ఎవరూ. నాకిది... మేడం, మందు పక్కన బండల అని చేర్చి రాస్తే? బండల మందు. ఎలకల మందులాగా. ఇందాక మీరే అన్నారు కదా, ముందర ఏదో ఒకటి ఉండాలని."

"అమ్మ పోవాలి అయితే. మందు పోవాలి, లేకపోతే అమ్మ పోవాలి. రెండూ ఒక సీసా మీద ఉండకూడదు."

"అంత కోపమేంటి మేడం మీకు ఆ మాటంటే?"

"నాకేం కోపం లేదు. ప్రతి నిబంధన వెనకా ఎవరింట్లోనో ఏదో జరిగే ఉంటుంది. జరిగాకే రాస్తారు. జరక్కముందు రాసేంత తెలివి ఆఫీసులకి ఎక్కడిది?"

"మా ఇంట్లో జరగదు మేడం. మా ఇంట్లో అన్నీ చెప్పి పెడతాను. ఏది ఎక్కడుందో, ఎంత పొయ్యాలో, అన్నీ."

"నీ సీసా మీ ఇంట్లోనే ఉంటుందా? అమ్మడానికేగా చేసేది?"

"సరే. సరే, కొట్టేస్తాను. ఇవ్వండి పెన్ను. మందమ్మ పోయి ద్రవమ్మ వచ్చింది అనుకుంటాను. ముందు సీసాలు తీసుకోండి, మూడు తెచ్చాను. కొట్టేస్తూ ఒక్కొక్కటీ ఇస్తాను."

"మూడూ ఒకసారి చేసినవేనా?"

"ఒకే బకెట్టులో, ఒకే గరిటెతో."

"ఊపి చూస్తాను, ఉండు. ఇది నురగొచ్చింది."

"వస్తుంది మేడం. నురగకి పెట్టింది పేరు నా మందు. మూతెడు పోస్తే బకెట్టు నిండిపోతుంది."

"ద్రవం."

"ద్రవం."

"ఇదీ నురగొచ్చింది. మూడోది... ఇదేంటమ్మా, ఉలుకూ పలుకూ లేదు."

"గట్టిగా ఊపండి."

"గట్టిగానే ఊపుతున్నాను. ఒక్క బుడగ లేదు. మూడూ ఒకటే అన్నావు."

"ఒకటే మేడం. అన్నీ ఒకే బకెట్టు. చన్నీళ్ళు తగిలి దిగిపోయిందేమో."

"ఒక దానికీ ఇంకో దానికీ పోలిక లేకపోతే నేను పరీక్షకి పంపలేను. వాళ్ళు తిప్పి కొడతారు, మాట నాకొస్తుంది."

"ఇక్కడిదాకా వచ్చాక ఇంకో అడ్డం పెట్టకండి మేడం, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను. ఇలా ఇవ్వండి, నేను చూస్తాను. మూత... మూత దగ్గర బంకగా ఉంది."

"వాసన చూడు."

"నిమ్మ లేదు."

"మరి?"

"తియ్యటి వాసన. ఇది... అయ్యో, ఇది మా అత్తయ్య దగ్గుమందు."

"దగ్గుమందు మీద నీ లేబుల్ ఎలా వచ్చింది?"

"నిన్న సాయంత్రం హడావిడిగా అంటించాను మేడం. సీసాలన్నీ వరసగా పెట్టుకుని, ఒక చేత్తో పిల్లకి జడ వేస్తూ, ఒక చేత్తో అంటిస్తూ. వరస గూటి దాకా వెళ్ళింది. గూట్లోది కూడా వరసలోదే అనుకుని అంటించేసి, పొద్దున దాన్నే సంచిలో వేసుకొచ్చినట్టున్నాను. అన్నీ ఒకేలాంటి సీసాలు కదా."

"చేసిన నీకే తెలియలేదు చూడు, ఏది ఏదో."

"తప్పే మేడం, ఒప్పుకుంటాను. అందుకే పిల్లకి గూట్లో దొరకలేదు. పాపం, ఊరికే దాని మీద అరిచాను. ఒక్క గంట టైమివ్వండి, ఇంటికి పోయి ఇంకో సీసా తెచ్చేస్తాను. బల్ల కింద అట్టపెట్టె నిండా ఉన్నాయి, లేబుళ్ళు అంటించి సిద్ధంగా. ఈ కిటికీ మూసెయ్యకండి మేడం, అంతే చాలు."

"ముందు ఆ ఫోన్ ఎత్తమ్మా. మోగుతోంది."

"ఆ, పిచికా, ఇంక వెతకొద్దులే తల్లీ, నాయనమ్మ మందు నా సంచిలోనే ఉంది."

"దొరికిందమ్మా, బల్ల కింద. నువ్వు చెప్పినట్టు చదివే పోశాను, అమ్మ చేతి మందు, మూతెడు చాలు అని పెద్దగా రాసుంది. నాయనమ్మ చేతికిచ్చాను. మూతలో నురగొస్తోంది, తాగెయ్యమననా?"